ఆర్టిస్టుకి కోచ్ దేనికి, ఎంతవరకు?

ఆర్ట్ కాలేజీలో ఉన్నన్నాళ్ళు ఆర్టిస్టు పనిని ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. సగం వేసిన కాన్వాసు ముందు సార్ ఆగుతారు, పక్క ఈజిల్ దగ్గరున్న వాళ్ళు ఏదో ఒకటి అంటారు, ఆ మాట నచ్చినా నచ్చకపోయినా బొమ్మ ఇంకా పచ్చిగా ఉండగానే చెవిన పడుతుంది. కోర్సు అయిపోయాక ఇదంతా ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆ తర్వాత ఎవరైనా చూసేది పూర్తయిన బొమ్మనే, అది కూడా గోడ మీదో ఫోన్‌లోనో, అప్పుడు వచ్చేది "బాగుంది" అనే మాట, లేదంటే ఏ మాటా రాదు, ఈ రెండిట్లో దేనితోనూ తర్వాతి బొమ్మకి పెద్దగా ఉపయోగం ఉండదు. ఉద్యోగం చేసేవాళ్ళకి పైన ఒక సీనియర్ ఉంటారు, ప్లేయర్లకి కోచ్ ఉంటారు, కానీ పదిహేనేళ్ళుగా బొమ్మల మీదే బతుకుతున్న మనిషికి మాత్రం ధర ఎంత పెట్టాలి, ఈ గ్యాలరీకి ఒప్పుకోవాలా వద్దా, ఈ సిరీస్ ఇంకా నడపాలా ఇక్కడితో ఆపాలా అని అడగడానికి ఎవరూ దొరకరు. ఇంట్లోవాళ్ళకి ఆ లోకం తెలీదు, తోటి ఆర్టిస్టులు కొంతవరకు పోటీదారులు, గ్యాలరీవాళ్ళకి వాళ్ళ లెక్క వాళ్ళకుంటుంది.

ఆర్టిస్టుల కోచింగ్, మెంటరింగ్ అనే పని పుట్టింది ఈ ఖాళీలోంచే. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎటు చూసినా ఇవే ప్రోగ్రాములు కాబట్టి ఇది కొత్త వ్యాపారం అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, అవసరం పాతదే. తేలాల్సింది ఒక్కటే, కోచ్‌గానీ మెంటర్‌గానీ చెయ్యి ఎక్కడిదాకా రావచ్చు, ఎక్కడ ఆగాలి. దీనికి గట్టి జవాబే ఉంది. బొమ్మ చుట్టూ ఉన్నవన్నీ, అంటే టైము, డబ్బు, కాగితాలు, మనుషులు, నిర్ణయాలు, వీటిమీద ఎంత పనిచేస్తే అంత మంచిది. బొమ్మ లోపలికి మాత్రం ప్రశ్నతో తప్ప రాకూడదు. ఈ గీత దాటినచోట ఎంత పేరున్న మెంటర్ అయినా మేలుకన్నా చెరుపే ఎక్కువ చేస్తారు.

ముందు ఎవరెవరు ఏం చేస్తారో విడదీసి చూడాలి, ఎందుకంటే డబ్బు కట్టేటప్పుడు జరిగే గందరగోళం చాలావరకు ఇక్కడే మొదలవుతుంది. కోచ్ అంటే ప్రశ్నలడిగే మనిషి, ఆయన ఆర్టిస్టు కానవసరం లేదు, ఎదుటివాళ్ళు ఏం కావాలనుకుంటున్నారో వాళ్ళ నోటితోనే చెప్పించి, దాన్ని చేసే పనిగా మార్చి, వచ్చేసారికి అది జరిగిందో లేదో అడుగుతారు. మెంటర్ అదే దారిలో ముందు నడిచినవాళ్ళు, నాకు ఇలా అయింది, ఇక్కడ గొయ్యి ఉంది చూసుకో అని అనుభవంలోంచి చెప్తారు. కన్సల్టెంట్ అయితే ధరల పట్టికో వెబ్‌సైటో కాంట్రాక్టో తనే చేసిచ్చి వెళ్ళిపోతారు. మనసు కుంగిపోయి నెలల తరబడి స్టూడియో తలుపు తియ్యలేకపోతుంటే అది వీళ్ళెవరి పనీ కాదు, డాక్టరు దగ్గరికో థెరపిస్టు దగ్గరికో వెళ్ళాల్సిందే, ఆ మాట మొదటి సెషన్‌లోనే చెప్పగలిగిన కోచ్ నమ్మదగ్గవాళ్ళు. ఒకే మనిషి ఇందులో రెండు మూడు పాత్రలు వెయ్యడం మామూలే, అందులో తప్పులేదు, ఇప్పుడు ఏ పాత్రలో ఉండి మాట్లాడుతున్నారో ఇద్దరికీ తెలిసుంటే చాలు.

కోచింగ్‌కి చాలా దేశాల్లో లైసెన్సు అక్కర్లేదు, ఎవరైనా రేపటి నుంచి కోచ్ అని బోర్డు పెట్టుకోవచ్చు. 1995లో అమెరికాలో మొదలైన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ అనే సంస్థ మూడు స్థాయిల్లో సర్టిఫికెట్ ఇస్తుంది, మొదటిదానికి 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి, రెండోదానికి 125, 500, పైదానికి 200 గంటల శిక్షణ, 2,500 గంటల అనుభవం. ఇది ఉంటే మనిషి వినడం నేర్చుకున్నాడని, కొన్ని నీతి నియమాలకి సంతకం పెట్టాడని అర్థం. కానీ గ్యాలరీకి ఇచ్చే కాగితంలో ఏముండాలో, ప్రింట్ ఎడిషన్‌కి, అంటే ఒకే బొమ్మకి లెక్కపెట్టి తీసే కాపీలకి, నంబర్లు ఎలా వేస్తారో తెలుసని మాత్రం అర్థం కాదు. అటువైపు, ముప్పై ఏళ్ళు షోలు చేసిన పెద్ద ఆర్టిస్టుకి ఇవన్నీ కొట్టినపిండే అయినా ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే ఐదు నిమిషాలు నోరు మూసుకుని వినే ఓపిక ఉండకపోవచ్చు. కాబట్టి సర్టిఫికెట్‌ని గానీ, పేరుని గానీ ఒక్కదాన్నే చూసి నమ్మెయ్యకూడదు.

మంచి మెంటరింగ్ ఎలా ఉంటుందో తెలియాలంటే ఫ్రాన్స్‌లో పనిచేసిన ఇద్దరు పెయింటర్లు, పిసారో, సెజాన్‌ల సంగతి చూడాలి. 1872లో సెజాన్ పారిస్‌కి దగ్గర్లోని పోంత్వాజ్ అనే ఊరికి వచ్చి పిసారో పక్కన పనిచెయ్యడం మొదలుపెట్టాడు, అప్పటికి సెజాన్‌కి 33 ఏళ్ళు, పదేళ్ళకి పైగా బొమ్మలేస్తున్నాడు, అంటే విద్యార్థి కాదు, పనిలో ఉన్న ఆర్టిస్టు, ఎక్కడో ఇరుక్కుపోయినవాడు. నలుపు ఎక్కువగా ఉండే దట్టమైన రంగులు, మందంగా పూసిన పెయింటు, కోపం నిండిన బొమ్మలు. పిసారో ఆయన్ని బయటికి, చెట్ల దగ్గరికి, పొలాల దగ్గరికి తీసుకెళ్ళాడు, ఒకే దృశ్యం ముందు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వేశారు, పిసారో వేసిన ఒక ఊరి దృశ్యాన్ని సెజాన్ తీసుకెళ్ళి నకలు వేసుకున్నాడు కూడా. సెజాన్ రంగులు తేలికపడ్డాయి, చెయ్యి నెమ్మదించింది. కానీ ఆయన పిసారోలా తయారవలేదు. తర్వాత కొన్నాళ్ళకి పిసారో దగ్గరే నేర్చుకున్న గోగాన్ అనే పెయింటర్ కూడా పిసారోలా వెయ్యలేదు, ఆ ఇద్దరి బొమ్మల్నీ పక్కపక్కన పెడితే ఒకే గురువు దగ్గర కూర్చున్నవాళ్ళని ఎవరూ అనుకోరు. మెంటర్‌ని కొలవడానికి ఇంతకన్నా మంచి కొలత ఉండదేమో. పిసారో చనిపోయిన మూడేళ్ళకి, 1906లో, తన సొంతూరు ఎక్స్‌లో జరిగిన ఒక ఎగ్జిబిషన్ క్యాటలాగులో సెజాన్ తన పేరు పక్కన పిసారో శిష్యుడినని రాయించుకున్నాడు, అప్పటికి ఆయన వయసు 67.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది. 1885లో, 55 ఏళ్ళ వయసులో, అదే పిసారో తనకన్నా దాదాపు ముప్పై ఏళ్ళు చిన్నవాళ్ళైన సూరా, సిన్యాక్ అనే పెయింటర్ల దగ్గర చుక్కలతో బొమ్మ వేసే పద్ధతి నేర్చుకుని కొన్నేళ్ళు అలాగే వేశాడు. ఆయన బొమ్మలు అమ్మే డీలర్‌కి అది నచ్చలేదు, అమ్మకాలు దెబ్బతిన్నాయి, చివరికి ఆ పద్ధతి తన చేతికి సరిపడదని తనే వదిలేశాడు. అలా ఇంకా నేర్చుకుంటున్న మనిషి కాబట్టే ఆయన మాట పక్కవాళ్ళ మీద బరువుగా పడలేదు. నేర్చుకోవడం ఎప్పుడో ఆపేసిన మెంటర్ ఇచ్చే సలహా పాత సలహా అయిపోతుంది, ఇరవై ఏళ్ళ కింద తనకి పనిచేసిన గ్యాలరీ దారి ఇప్పటి కుర్రాళ్ళకి పనిచెయ్యకపోవచ్చు, ఆ తేడా ఆయనకే తెలీదు.

రెండో ఉదాహరణ ఇద్దరు స్నేహితులది. 1965లో శిల్పి ఈవా హెస్ జర్మనీలో ఉంది, చేతిలో స్టూడియో ఉంది, టైముంది, కానీ ఏం చేసినా సరిగ్గా లేదనే అనుమానం ఆమెని కదలనివ్వట్లేదు. న్యూయార్క్‌లో ఉన్న స్నేహితుడు, ఆర్టిస్టు సోల్ లెవిట్ ఆమెకి పొడుగాటి ఉత్తరం రాశాడు. అందులో ఆయన ఆమె బొమ్మల్ని విశ్లేషించలేదు, ఈ రంగు తీసెయ్, ఆ ఆకారం మార్చు అనలేదు. ఆలోచన ఆపి పని చెయ్యమన్నాడు, చెత్తగా వచ్చినా పర్లేదు చెయ్యమన్నాడు, ప్రపంచం కోసం కాకుండా తన పని తను చెయ్యమన్నాడు. ఆ జర్మనీ రోజుల్లోనే ఆమె పెయింటింగ్ నుంచి తాళ్ళూ తీగలూ కలిపి ఉబ్బెత్తుగా చేసే రిలీఫ్‌ల వైపు కదిలింది, అక్కడి నుంచే శిల్పాల్లోకి వెళ్ళింది. 1970లో 34 ఏళ్ళకే చనిపోయింది. ఆ వెంటనే లెవిట్ తన గోడ డ్రాయింగుల్లో మొదటిసారి తిన్నగా లేని గీతలు వాడి ఒక పని చేసి ఆమెకి అంకితమిచ్చాడు, అంటే సలహా ఇచ్చినవాడి చెయ్యి కూడా ఆమె పని వల్ల మారింది. కోచింగ్ గురించి ఇప్పుడు రాసే పుస్తకాల భాషలో చెప్పాలంటే లెవిట్ చేసింది బొమ్మని బాగుచెయ్యడం కాదు, బొమ్మకి అడ్డంగా ఉన్నదాన్ని పక్కకి తొయ్యడం.

మూడో రకం సాయం మీద మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి, అది తలుపు తెరవడం. యాయోయి కుసామా అనే ఆర్టిస్టు జపాన్‌లో ఉండగా 1955లో, అసలు పరిచయమే లేని అమెరికన్ పెయింటర్ జార్జియా ఓకీఫ్‌కి ఉత్తరం రాసి, కొన్ని వాటర్ కలర్లు పంపింది. అప్పటికే చాలా పెద్ద పేరున్న ఓకీఫ్ జవాబు రాసింది, అమెరికాలో ఆర్టిస్టుగా బతకడం తేలిక కాదని దాచకుండా చెప్పింది, తన డీలర్‌కి పరిచయం కూడా చేసింది, ఆ డీలర్ ఒక బొమ్మ కొంది. 1957లో కుసామా అమెరికా వెళ్ళింది. ఇందులో బొమ్మ గురించిన పాఠం ఏమీ లేదు, ఉన్నదల్లా ఒక నిజాయితీ మాట, ఒక పరిచయం. ఆర్ట్ లోకంలో చాలా పనులు ఇలాగే జరుగుతాయి, అందుకే మెంటర్ కోసం వెతికే చాలామందికి లోపల కావాల్సింది సలహా కాదు, పరిచయం. దాన్ని దాచుకుని వెళ్తే ఇద్దరికీ ఇబ్బందే. నాకు ఫలానా క్యూరేటర్‌కి పని చూపించాలనుంది, మీకు సబబనిపిస్తే పరిచయం చేస్తారా అని సూటిగా అడగడంలో చిన్నతనమేమీ లేదు, అవతలివాళ్ళు కాదంటే అది కూడా ఒక జవాబే. డబ్బు కట్టి పెట్టుకున్న కోచ్ మాత్రం గ్యాలరీ ఇప్పిస్తామని మాటిస్తే దూరంగా ఉండటమే మంచిది, తనది కాని నిర్ణయాన్ని ఆ మనిషి అమ్ముతున్నట్టు లెక్క.

ఇక రోజువారీ కోచింగ్‌లో అసలు ఏం జరుగుతుంది? చాలావరకు లెక్కలు. ఇది వినడానికి నిరుత్సాహంగా ఉంటుంది గానీ ఎక్కువ మేలు జరిగేది ఇక్కడే. మొదట టైము. రెండు వారాలు గంట గంటకీ ఏం చేశారో రాసుకురమ్మంటారు, వారమంతా ఆర్ట్ పనే చేస్తున్నామనుకున్న మనిషికి కుంచె పట్టుకున్న గంటలు ఎన్నో అప్పుడు తెలుస్తుంది, మిగతాదంతా ప్యాకింగ్, మెయిళ్ళు, పోస్టులు పెట్టడం, క్లాసులు చెప్పడం, కొరియర్ కోసం ఎదురుచూడటం. ఆ కాగితం చూశాక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు, పొద్దున పూట నాలుగు గంటల టైము ఎవరికీ ఇవ్వకూడదని ఆర్టిస్టే అంటారు.

తర్వాత ధర, ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. ధర విషయంలో ఆర్టిస్టులు మనసుని బట్టి పోతారు, ఇష్టమైన బొమ్మకి ఎక్కువ, ఎదుటివాళ్ళు మంచివాళ్ళైతే తక్కువ, అద్దె కట్టాల్సిన వారంలో ఇంకా తక్కువ. కొనేవాళ్ళకి ఈ తేడాలు కనిపిస్తాయి, నమ్మకం పోతుంది. అందుకే సైజుని బట్టి ఒక సూత్రం పెట్టుకోమంటారు. చదరపు కొలతతో లెక్కేస్తే 10 అంగుళాల చదరం బొమ్మకి 100 చదరపు అంగుళాలు, 40 అంగుళాల చదరానికి 1,600, అంటే ధర 16 రెట్లు అయిపోతుంది, పెద్దవి ఎవరూ కొనలేని ధరకి వెళ్తాయి, చిన్నవి కూలి కూడా గిట్టని ధరకి పడిపోతాయి. అదే పొడవూ వెడల్పూ కలిపి లెక్కేస్తే 20, 80, తేడా నాలుగు రెట్లే. చాలామంది ఈ రెండో పద్ధతి వైపు మొగ్గేది ఇందుకే. ఏ పద్ధతైనా సరే, స్టూడియోలో కొన్నా గ్యాలరీలో కొన్నా ధర ఒకటే ఉండాలి, స్టూడియోలో సగానికి ఇస్తారని తెలిస్తే గ్యాలరీ మళ్ళీ పిలవదు.

గ్యాలరీ వాటా మామూలుగా సగం. బొమ్మ ధర 100 అనుకుంటే 50 గ్యాలరీకి, మిగిలిన 50లో కాన్వాసు, రంగులు, ఫ్రేము, ఫొటోలు, రవాణా కలిపి 20 పోయిందనుకుందాం, ఆర్టిస్టు చేతికొచ్చేది 30, పన్ను ఇంకా కట్టలేదు. ఆ 30ని బొమ్మకి పట్టిన గంటలతో భాగించమని కోచ్ అడుగుతారు. చాలామంది జీవితంలో మొదటిసారి ఆ భాగహారం చేసేది ఆ గదిలోనే. పైగా కొనేవాళ్ళు పది శాతం తగ్గించమంటే ఆ తగ్గింపు ఎవరి వాటాలోంచి పోవాలి అన్నది ముందే రాసుకోకపోతే, మొత్తం ఆర్టిస్టు 50లోంచి కోసేసే చోట్లు కూడా ఉన్నాయి. అందుకే కాంట్రాక్టు మాట వస్తుంది, అమ్ముడయ్యేదాకా బొమ్మ ఎవరిది, పోయినా పాడైనా ఎవరి బాధ్యత, అమ్మాక ఎన్ని రోజుల్లో డబ్బిస్తారు, అమ్ముడుపోకపోతే ఎప్పుడు, ఎవరి ఖర్చుతో వెనక్కి వస్తుంది. ఇవి అడిగితే అవతలివాళ్ళు నొచ్చుకుంటారని భయపడతారు గానీ, పద్ధతిగా నడిచే గ్యాలరీ తనే ఈ కాగితం ముందు పెడుతుంది.

ఇంకోటి జాబితా. ఏ బొమ్మ ఏ సంవత్సరంలో, ఏ సైజు, దేనిమీద, ఇప్పుడు ఎవరి దగ్గరుంది, ఎంతకి పోయింది. విసుగు పుట్టించే పనే గానీ దీని విలువ తెలియాలంటే పెయింటర్ విన్సెంట్ వాన్‌గో మరదలు, అంటే తమ్ముడు థియో భార్య, యో గురించి తెలుసుకోవాలి. విన్సెంట్ 1890లో, ఆయన తమ్ముడు, ఆర్ట్ డీలర్ థియో 1891 మొదట్లో చనిపోయారు, 28 ఏళ్ళ యో చేతిలో పసిబిడ్డ, వందల కొద్దీ ఎవరూ పెద్దగా అడగని బొమ్మలు మిగిలాయి. ఆమె వాటిని గంపగుత్తగా వదిలించుకోలేదు, ఎగ్జిబిషన్లకి పంపింది, కొన్ని మాత్రం అమ్మింది, అమ్మినవి లెక్కల పుస్తకంలో రాసింది, 1905లో ఆమ్‌స్టర్‌డామ్ స్టెడెలిక్ మ్యూజియంలో 400కి పైగా పనులతో పెద్ద షో పెట్టించింది, 1914లో ఉత్తరాలు అచ్చు వేయించింది, 1924లో పొద్దుతిరుగుడు పూల బొమ్మల్లో ఒకటి లండన్ నేషనల్ గ్యాలరీకి అమ్మింది. ముప్పై ఏళ్ళకి పైగా ఓపిగ్గా చేసిన పని అది. విన్సెంట్ కుంచె గొప్పదే, కానీ ఆ కుంచెని లోకం ముందు నిలబెట్టింది ఆ పుస్తకమూ ఆ ఓపికానూ. బతికున్న ఆర్టిస్టు తన విషయంలో ఆ పని తనే మొదలుపెట్టుకోవచ్చు, దానికి కావాల్సింది ఒక స్ప్రెడ్‌షీటు, వారానికి ఒక గంట.

ఆర్డర్ మీద చేసే పని దగ్గర కోచ్‌ల సలహాలు రెండు పక్కలకి చీలతాయి, డబ్బు కదా ఒప్పుకోమనేవాళ్ళు, కళ చచ్చిపోతుంది వద్దనేవాళ్ళు. దీనిమీద టెరెసా అమబిలే అనే అమెరికన్ మనస్తత్వ పరిశోధకురాలు, తోటి పరిశోధకులు 1990ల్లో చేసిన అధ్యయనం ఒకటుంది. 23 మంది ఆర్టిస్టుల దగ్గర తలా పది ఆర్డర్ పనులు, పది సొంతంగా చేసినవి తీసుకుని, ఏది ఏదో చెప్పకుండా ఆర్ట్ తెలిసినవాళ్ళ చేత అంచనా వేయించారు. చేతి నైపుణ్యంలో రెండిటికీ తేడా కనపడలేదు, కొత్తదనంలో మాత్రం ఆర్డర్ పనులు వెనకబడ్డాయి. అయితే ఆర్టిస్టు తన చేతులు కట్టేసినట్టు అనుకున్న చోటే ఆ దెబ్బ ఎక్కువ, స్వేచ్ఛ ఉన్న ఆర్డర్లలో అంత లేదు. కోచ్‌కి ఇక్కడ మంచి పనుంది. ఆర్డర్ తీసుకోవాలా వద్దా అని తేల్చడం కాదు, ఏ షరతులతో తీసుకోవాలో కూర్చుని రాయించడం. స్కెచ్ దశలో ఒకసారి మార్పులు, ఆ తర్వాత లేవు, అడ్వాన్స్ ఇంత, సగం అయ్యాక ఇంత, అప్పగించేటప్పుడు మిగతాది, కాపీరైటు ఆర్టిస్టుదే. ఈ నాలుగు ముక్కలు కాగితం మీదుంటే బొమ్మ వేసేటప్పుడు చెయ్యి కట్టేసినట్టు అనిపించదు.

బొమ్మ మీదే మాట్లాడాల్సి వస్తే? తప్పదు, ఎప్పుడో ఒకప్పుడు కాన్వాసు ముందు ఇద్దరూ నిలబడతారు. దానికి లిజ్ లెర్మన్ అనే అమెరికన్ డాన్స్ దర్శకురాలు 1990 ప్రాంతంలో రూపొందించిన నాలుగు మెట్ల పద్ధతి బొమ్మలవాళ్ళకి కూడా బాగా పనికొస్తుంది. ముందు చూసినవాళ్ళు తమకి ఏది తగిలిందో, ఏది గుర్తుండిపోయేలా ఉందో చెప్తారు. తర్వాత ఆర్టిస్టు తనకి అనుమానమున్న చోట ప్రశ్నలు అడుగుతారు. మూడోది, చూసినవాళ్ళు తమ అభిప్రాయం కలపకుండా ప్రశ్నలు అడగాలి, అంటే ఈ మూల ఎందుకంత చీకటిగా పెట్టారు అనడం కాదు, ఈ మూలలో వెలుతురు గురించి ఏం ఆలోచించారు అనాలి, వినడానికి చిన్న తేడానే గానీ జవాబు పూర్తిగా వేరుగా వస్తుంది. చివర్లో, ఫలానా దానిమీద నాకో అభిప్రాయం ఉంది, వింటారా అని అడిగి, వినాలనుకుంటేనే చెప్తారు. వద్దనే హక్కు ఆర్టిస్టుకి ఉంటుంది. కొంతమందికి ఇది మరీ మెత్తగా అనిపించి శిల్పి లూయిస్ బుర్జ్వా ఆదివారం సమావేశాలని గుర్తుచేస్తారు, న్యూయార్క్‌లో తన ఇంట్లో దశాబ్దాల పాటు ఆమె ఆదివారాలు కుర్ర ఆర్టిస్టుల పనులు చూసేది, మాట చాలా పదునుగా ఉండేది, కొందరు ఏడ్చి వెళ్ళారని కూడా చెప్తారు. కానీ అది డబ్బు తీసుకుని చేసిన సేవ కాదు, వెళ్ళినవాళ్ళు తెలిసే వెళ్ళారు, ఒక మధ్యాహ్నం విని వచ్చేశారు. నెల నెలా ఫీజు కడుతూ అదే పదును భరించాల్సి వస్తే ఆర్టిస్టు ఆ మనిషిని మెప్పించడానికి బొమ్మలు వెయ్యడం మొదలుపెడతారు, అక్కడితో సొంత పని ఆగిపోయినట్టే.

మెంటరింగ్‌లో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇదే. ఎవరూ కావాలని చెయ్యరు. మెంటర్‌కి నచ్చిన బొమ్మ ముందు ఆయన మొహం కాస్త వెలుగుతుంది, ఆర్టిస్టు కన్ను అది పట్టేస్తుంది, తర్వాతి నెల అలాంటివే మూడు వస్తాయి. రెండేళ్ళకి శిష్యుడి షోలో గురువు రంగులు కనిపిస్తాయి. దీనికి మందు ఒకటే కాదు గానీ, మెంటర్ పని వేరే మాధ్యమంలో ఉంటే ప్రమాదం కొంత తగ్గుతుంది, పెయింటర్‌కి శిల్పి, ఫొటోగ్రాఫర్‌కి ప్రింట్‌మేకర్. గడువు ముందే పెట్టుకోవడం కూడా మంచిదే. వాచీల కంపెనీ రోలెక్స్ 2002 నుంచి నడుపుతున్న మెంటర్ కార్యక్రమంలో పేరున్న ఆర్టిస్టుతో కుర్ర ఆర్టిస్టు జత కట్టేది కొంతకాలానికే, డేవిడ్ హాక్నీతో జర్మన్ పెయింటర్ మథియాస్ వైషర్, అనీష్ కపూర్‌తో దక్షిణాఫ్రికా ఆర్టిస్టు నికొలస్ హ్లోబో, విలియం కెంట్రిడ్జ్‌తో కొలంబియా ఆర్టిస్టు మాటేయో లోపెజ్ అలా పనిచేశారు, గడువు అయ్యాక ఎవరి స్టూడియో వాళ్ళది.

ధైర్యం చాలకపోవడం గురించి కూడా రెండు మాటలు. నాకొచ్చిన పేరంతా పొరపాటున వచ్చింది, ఏదో ఒకరోజు బయటపడిపోతాను అనే భావాన్ని 1978లో పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు బాగా పైకొచ్చిన ఆడవాళ్ళ మీద పనిచేస్తూ వర్ణించారు. ఆర్టిస్టుల్లో ఇది చాలా సాధారణం, ఎందుకంటే ఇక్కడ మార్కులు లేవు, ప్రమోషన్ లేదు, అమ్ముడవడం మంచి పనికి రుజువు కాదు, అమ్ముడవకపోవడం చెడ్డ పనికి రుజువు కాదు. నువ్వు గొప్పదానివి, నువ్వు గొప్పవాడివి అని ఊదరగొట్టే కోచింగ్ దీనికి పనికిరాదు, ఆ మత్తు వారం ఉండదు. పనికొచ్చేది పనిని చిన్న ముక్కలు చెయ్యడం, ఈ నెల ఆరు అప్లికేషన్లు పంపాలి అనుకోవడం, ఎన్ని ఒప్పుకున్నారు అన్నది కాకుండా ఎన్ని పంపాము అన్నది లెక్కపెట్టుకోవడం. తిరస్కారం అప్పుడు కూడా బాధే, కానీ అది పనిలో భాగమైపోతుంది.

ఫీజు కట్టలేనివాళ్ళ సంగతి? నిజానికి ఈ సేవ ఎక్కువ అవసరమున్నది వాళ్ళకే, అందుకే సంస్థలు మధ్యలోకి రావడం ముఖ్యం. అమెరికాలో ఫెడరల్ ఆర్ట్స్ సంస్థ విడి ఆర్టిస్టులకి ఇచ్చే గ్రాంట్లని 1990ల మధ్యలో చాలావరకు ఆపేశాక, 1999లో క్రియేటివ్ క్యాపిటల్ అనే సంస్థ వచ్చింది, డబ్బుతో పాటు ప్లానింగ్, డబ్బు నిర్వహణ, పరిచయాలు కూడా కలిపి ఇవ్వడం దాని పద్ధతి, చెక్కు ఇచ్చి చేతులు దులుపుకోకపోవడం దాని ప్రత్యేకత. న్యూయార్క్ ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ 2007 నుంచి వలస వచ్చిన ఆర్టిస్టులకి మెంటర్లని జత చేస్తోంది, కొత్త దేశంలో పరిచయాలు సున్నా అయిన మనిషికి అది ఎంత పెద్ద సాయమో చెప్పక్కర్లేదు. ఇలాంటి చోట కోచ్‌కి జీతం ఇచ్చేది సంస్థ కాబట్టి, ఆర్టిస్టుని ఎక్కువకాలం తన చుట్టూ తిప్పుకోవాలనే ఒత్తిడి ఆ కోచ్‌కి ఉండదు.

సొంత డబ్బు పెట్టేటప్పుడు మాత్రం కొన్ని ముందే అడిగి తెలుసుకోవాలి. ఎన్ని సెషన్లు, మధ్యలో మానేస్తే డబ్బు వెనక్కి వస్తుందా, బొమ్మలు అమ్ముడైతే అందులో వాటా తీసుకుంటారా, ఏ గ్యాలరీతోనైనా వీళ్ళకి లావాదేవీ ఉందా, ఇక్కడ మాట్లాడింది బయటికి పోదు కదా, ఇంతకుముందు వచ్చినవాళ్ళలో ఇద్దరితో మాట్లాడొచ్చా. అమ్మకంలో వాటా ఉన్న కోచ్, ఏది తొందరగా అమ్ముడవుతుందో దానివైపే నెట్టే అవకాశం ఉంది, మనిషి మంచివాడైనా సరే, లాభం ఎటుంటే చూపు అటు తిరుగుతుంది. ఆరు నెలల్లో ఆదాయం రెట్టింపు అని రాసిన ప్రోగ్రాములో ఆ ఆర్టిస్టు ఇంటీరియర్ డెకరేషన్‌కి బొమ్మలేస్తారా, వీడియో ఇన్‌స్టలేషన్లు చేస్తారా అని కూడా అడగరు, అందరికీ అదే న్యూస్‌లెటర్, అదే ఫాలోవర్ల లెక్క. ఈ రెండిటి మార్కెట్టూ వేరు, జీవితమూ వేరు.

డబ్బు లేకుండానూ చాలా దూరం వెళ్ళొచ్చు. నలుగురైదుగురు ఆర్టిస్టులు, వీలైతే వేర్వేరు మాధ్యమాలవాళ్ళు, నెలకోసారి కలవడం, ఒక్కోసారి ఒక్కరి పని మాత్రమే చూడటం, లెర్మన్ మెట్లు వాడటం, చివరి అరగంట కేవలం ధరలూ కాంట్రాక్టులూ అప్లికేషన్ల గురించి మాట్లాడుకోవడం. ఒకరి కాంట్రాక్టులో ఉన్న గొయ్యి ఇంకొకరికి ముందే తెలుస్తుంది, ఒకే గ్యాలరీ ఇద్దరికి రెండు రకాల వాటా చెప్పి ఉంటే అక్కడే బయటపడుతుంది. ఇలాంటి గుంపులు మూడో నెలకి చెదిరిపోయేది ఎక్కువగా రెండు కారణాలకి, ఒకరే ప్రతిసారీ ఎక్కువ మాట్లాడటం, తేదీ మారుతూ ఉండటం. అందుకే మొదటి రోజే ఏడాది తేదీలన్నీ రాసేసుకుని, గడియారం పట్టుకునే మనిషిని నెలకొకరు చొప్పున మార్చుకుంటే గుంపు నిలబడుతుంది. డబ్బిచ్చి కోచ్‌ని పెట్టుకోవాలనిపిస్తే అప్పుడు గుంపంతా కలిసి ఒక్క సమస్యకి, ఉదాహరణకి కాంట్రాక్టు రాయించుకోవడానికో ధరల పట్టిక సరిచూసుకోవడానికో, రెండు మూడు సెషన్లు మాత్రం తీసుకుని ఖర్చు పంచుకోవచ్చు.